పశువుల మాటకు ‘పాశవిక’ తగునా?

సందేహం: లాటిన్ నిఘంటువులో ‘పెకువారియుస్, -ఆ, -ఉమ్’ అనే విశేషణానికి ‘పశువులకు సంబంధించిన’ అని అర్థం ఇచ్చారు. ఒక్క మాటకు మూడు రూపాలెందుకు? తెలుగులో ‘పాశవిక’ అనవచ్చా?

సమాధానం: లాటిన్‌లో విశేషణం తన విశేష్యం లింగ వచన విభక్తులను అనుసరిస్తుంది. మందను కాచే కుక్క ‘కానిస్ పెకువారియుస్’, పుంలింగం. పశుపోషణ ‘రేస్ పెకువారియా’, స్త్రీలింగం. ‘జాతి’ అనే అర్థమున్న ‘గెనుస్’ నపుంసకం కాబట్టి ‘గెనుస్ పెకువారియుమ్’. సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరమ్ అన్నట్టే. తెలుగులో ఈ బెడద లేదు: మేలుజాతి ఎద్దు, మేలుజాతి ఆవు.

కొత్తవారు పొరబడేది ఇక్కడే: చివరి అక్షరం చూసి జత కలుపుతారు. ‘రేస్’ చివర ‘స్’ ఉందని ‘పెకువారియుస్’ చేరిస్తే తప్పు. కుదరాల్సింది లింగం, ధ్వని కాదు. షష్ఠిలో అది ‘రెయీ పెకువారియై’ అవుతుంది. ఇంకో చిక్కుంది. ‘పెకువారియా’ నపుంసక బహువచనం కూడా. అప్పుడు దానికి ‘మందలు’ అని అర్థం. ఏకవచనమో బహువచనమో వాక్యంలోని క్రియ చూసి తేల్చుకోవాలి.

ఇక ‘పాశవిక’. ఈ అర్థంలో వాడకండి. తెలుగులో అది ‘క్రూరమైన’ అనే అర్థంలో స్థిరపడిపోయింది. ‘పాశవిక వైద్యం’ అంటే చదివేవాడు ఉలిక్కిపడతాడు. పాణినీయం ప్రకారం చూసినా ఉకారాంతమైన ‘పశు’ మీద, మామూలుగా ‘ఇక’గా మారే ‘ఠ’ ప్రత్యయం వస్తే అది ‘ఇక’ కాదు, ‘క’ అవుతుంది. కాబట్టి సాధురూపం ‘పాశుక’. ‘పాశవ’, ‘పశవ్య’ కూడా ఉన్నాయి గాని అవి నేటి పాఠకుడికి అందవు.

మనకు విశేషణంతో పనే లేదు, సమాసం చాలు: పశుపోషణ, పశువైద్యం, పశుసంవర్ధక శాఖ. సమాసంలో ‘పశు’ అనే ప్రాతిపదికే నిలవాలి. ‘పశువువైద్యం’ తప్పు, విడదీస్తే ‘పశువుల వైద్యం’ అనండి. ‘రేస్ పెకువారియా’కు ‘పశుపోషణ’ అచ్చంగా సరిపోతుంది. క్రీ.పూ. 37 ప్రాంతంలో రోమన్ పండితుడు వర్రో రాసిన వ్యవసాయ గ్రంథంలో రెండో భాగమంతా దాని గురించే.

లాటిన్‌లో పశువులకు పేరైన ‘పెకు’, మన ‘పశు’ ఒకే మూలం నుంచి పుట్టిన తోబుట్టువులు. లాటిన్‌లో డబ్బుకు పేరైన ‘పెకూనియా’ కూడా ఆ ‘పెకు’ నుంచే వచ్చింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ పశువులను ‘సొమ్ములు’ అంటారు.