కార్డు కనిపించడం లేదా, రీడరే కనిపించడం లేదా?

విండోస్ తీసేసి లినక్స్ మింట్ వేసుకున్నాక ల్యాప్‌టాప్‌లో ఎస్‌డీ కార్డు పెడితే ఉలుకూ పలుకూ లేదని, ఇంటర్నెట్‌లో దొరికిన డ్రైవరును కంపైల్ చేయాలా అని పాలకొల్లు నుంచి అడిగారు. ఆ పని ఇప్పుడే పెట్టుకోకండి. నేను అమలాపురంలో పెళ్లి ఫోటోలు తీస్తాను, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్ ఒక్కటే. చాలా కార్డు రీడర్లకు కావలసిన డ్రైవరు, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ముందే ఉంటుంది. లోపం మరోచోట ఉంటుంది.

ముందు తేల్చుకోవలసింది, కంప్యూటర్‌కు రీడరే కనిపించడం లేదా, రీడర్ ఉన్నా కార్డు చదవలేకపోతోందా అన్నది. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, తర్వాత ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్లు ఇవ్వండి. పీసీఐ, యూఎస్‌బీ దారుల్లో కలిపి ఉన్న పరికరాల జాబితాలు వస్తాయి. లోపలి రీడర్ ఈ రెండు దారుల్లో ఏదో ఒకదానితో కలిపి ఉంటుంది. నాది రియల్‌టెక్ ఆర్‌టీఎస్5229, పీసీఐ రకం. జాబితాలో దాని ముందు 'అన్‌అసైన్డ్ క్లాస్' అని ఉంటుంది, అది చూసి కంగారు పడనక్కరలేదు. దాన్ని నడిపేది ఆర్‌టీఎస్ఎక్స్_పీసీఐ మాడ్యూల్, అంటే కెర్నెల్‌లోని డ్రైవరు ముక్క. రెండింటిలోనూ రీడర్ లేకపోతే బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల్లో, ఆపేసి ఉందేమో చూడండి. కొన్ని జేమైక్రాన్ రీడర్లు కార్డు లోపల పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తేనే బయటపడతాయి.

రీడర్ కనిపిస్తే సూడోతో (అడ్మిన్ అనుమతితో) కెర్నెల్ సందేశాలు చూపే డీఎంఈఎస్‌జీ కమాండు ఇచ్చి, పక్కన హైఫన్, చిన్న డబ్ల్యూ చేర్చి, అది నడుస్తుండగా కార్డు పెట్టండి. ఎంఎంసీబీఎల్‌కే0 వంటి పేరు వస్తే డ్రైవరు పనిచేస్తున్నట్టే, మిగిలింది ఫైల్ సిస్టమ్, అంటే కార్డులో ఫైళ్లు అమర్చే పద్ధతి సంగతి. 32 జీబీ దాటిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో వస్తాయి. ఇప్పుడున్న ఎక్స్‌ఫాట్ డ్రైవరు 2020లో 5.7 కెర్నెల్‌తో వచ్చింది. పాత మింట్ అయితే ఎక్స్‌ఫాట్-ఫ్యూజ్ ప్యాకేజీ వేసుకోండి, చాలు.

నన్ను ఎక్కువ విసిగించింది మాత్రం విద్యుత్ పొదుపు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తీసిన ఫోటోలతో ఇంటికొచ్చి, నిద్రలో ఉన్న ల్యాప్‌టాప్ తెరిచి కార్డు పెడితే చలనం లేదు. రీబూట్ చేస్తే వచ్చింది, మళ్లీ మూత వేసి తీస్తే పోయింది. ముందు ఆర్‌టీఎస్ఎక్స్_పీసీఐ_ఎస్‌డీఎంఎంసీ, తర్వాత ఆర్‌టీఎస్ఎక్స్_పీసీఐ మాడ్యూళ్లను మోడ్‌ప్రోబ్ కమాండుతో తీసి తిరిగి ఎక్కిస్తే కార్డు కనిపించింది. శాశ్వతంగా కుదిరింది మాత్రం, బ్యాటరీ ఆదా కోసం వేసుకున్న టీఎల్‌పీ అనే ప్రోగ్రాంలో ఆ రీడర్ పీసీఐ చిరునామాను (ఎల్ఎస్‌పీసీఐ జాబితాలో దాని ముందుండే అంకెలు) రన్‌టైమ్ పొదుపు, అంటే వాడని పరికరాలను నిద్రపుచ్చే ఏర్పాటు నుంచి మినహాయించాక. మీరు కూడా టీఎల్‌పీ వాడుతుంటే ముందు అక్కడే వెతకండి.

మన కోనసీమ, నరసాపురం వైపు ఉప్పుగాలికి కార్డు మీది బంగారు రంగు పట్టీలు మసకబారడం నేను చూశాను. పొడి మెత్తని గుడ్డతో తుడిచి పెట్టి చూడండి. కాపీ అవుతూ చెరపడం మాత్రం కుదరకపోతే కార్డు పక్కనున్న చిన్న లాక్ మీట జరిగి ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మధ్యలో ఎక్కడ ఫార్మాట్ చేయమని అడిగినా ఒప్పుకోకండి. ఎవరి పెళ్లి ఫోటోలో అందులో ఉండి ఉంటాయి. కార్డును కెమెరాలోనే ఉంచి, యూఎస్‌బీ కేబుల్‌తో ముందు అన్నీ దింపుకోండి, రీడర్ సంగతి తర్వాత చూద్దాం.