లోమీలోమీ: ముంజేతితో మర్దన ఎలా చేయాలి?

ప్రశ్న: మా వారికి రోజంతా కంప్యూటర్ ముందే పని. జబ్బలు, నడుము పట్టేస్తున్నాయి. హవాయి వాళ్ల లోమీలోమీలో ముంజేతితో మర్దన చేస్తారట. ఇంట్లో నేను చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వీపు వరకు నిక్షేపంగా చేయవచ్చు. ముందు నూనె సంగతి. హవాయిలో కుకుయ్ గింజల నూనె, కొబ్బరి నూనె వాడతారు. మీకు కొబ్బరి నూనె చాలు. చలికి గడ్డకడితే సీసాను కాసేపు వేడినీళ్లలో ఉంచండి. వీపుకు రెండు మూడు టీస్పూన్లు మించొద్దు. ఎక్కువైతే చేయి జారిపోయి కండకు ఒత్తిడి అందదు. తక్కువైతే వెంట్రుకలు లాగి మంట పుడుతుంది.

నేల మీద పరుపు వేసి ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, చీలమండల కింద దిండు పెట్టండి. మీరు తల వైపు మోకాళ్ల మీద కూర్చోండి. పిడికిలి బిగించకుండా, మోచేతికి నాలుగు వేళ్ల దిగువన ఉన్న కండను జబ్బ మీద ఆనించండి. మోచేతి మొన తగలకూడదు. వెన్నెముక మీద కాకుండా దాని పక్కనున్న కండ వెంట, ఆయన ఊపిరి వదులుతున్నంతసేపూ ముందుకు వాలుతూ నడుము దాకా వెళ్లండి. పీల్చేటప్పుడు చేయి ఎత్తకుండా పక్కటెముకల మీదుగా తేలిగ్గా వెనక్కి రండి. ఒక్కో పక్క ఎనిమిది, పది సార్లు చాలు.

కొత్తవాళ్లు తప్పుచేసేది ఇక్కడే: భుజాల బలంతో నొక్కుతారు. బరువు తుంటి నుంచి రావాలి, లేకపోతే ఐదు నిమిషాల్లో మీ మెడే పట్టేస్తుంది. గబగబా గట్టిగా నొక్కితే కండ వదులవడం పోయి ఇంకా బిగుసుకుంటుంది. చివరి పక్కటెముక కింద బరువు పూర్తిగా తగ్గించేయండి, అక్కడ మూత్రపిండాలకు ఎముకల కాపు తక్కువ.

జ్వరం, చర్మవ్యాధి ఉన్నప్పుడు వద్దు. ఒక్క కాలి పిక్కే వాచి, వేడెక్కి నొప్పి పెడుతుంటే రక్తం గడ్డ కావచ్చు. దాని మీద చేయి వేయకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడేవారు కూడా ముందు డాక్టర్‌ని అడగాలి.

ప్రశ్న: లోమీలోమీలో మర్దనకు ముందు ప్రార్థన, క్షమాపణ ఉంటాయట, ఎందుకు? అవి లేకుండా కుదరదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కండ వదులవడానికి ప్రార్థన అక్కర్లేదు. కానీ హవాయి సంప్రదాయంలో వైద్యం అక్కడితో ఆగదు. మనసులోని పగ, ఇంట్లోని తగువు కూడా ఒంట్లో జబ్బై కూర్చుంటాయని వాళ్ల నమ్మకం. దానికి విరుగుడు హోఓపోనోపోనో. కుటుంబమంతా ఒక పెద్ద ముందు కూర్చుంటుంది. ప్రార్థన అయ్యాక సమస్య చెప్పుకుంటారు. ఒకరితో ఒకరు నేరుగా వాదించుకోరు, మాటలన్నీ ఆ పెద్ద ద్వారానే. కోపం పెరిగితే కాసేపు అందరూ మౌనం. తప్పు ఒప్పుకోవడం, క్షమించడం, ఆ ముడిని వదిలేయడం, చివర్న కలిసి భోజనం. ఈమధ్య ఒంటరిగా కూర్చుని నాలుగు వాక్యాలు జపించే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. అది ఈ కాలపు మార్పు, ఇంటిల్లిపాదీ కూర్చునే ఈ పద్ధతికి బదులు కాదు. ఇక దీంతో ఒంట్లో విషాలు పోతాయి, క్యాన్సర్ తగ్గుతుంది అనేవాళ్ల మాట నమ్మకండి.

ప్రశ్న: మా ఊరి స్పాలో ‘హవాయి లోమీలోమీ, వేడి రాళ్లతో’ అని బోర్డు పెట్టారు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. ఒకప్పుడు ఈ విద్య హవాయి కుటుంబాల్లోనే ఉండేది. 1970ల్లో మార్గరెట్ మచాడో (1916–2009) బయటివాళ్లకూ నేర్పారు. ఆమెకు ఇది ప్రార్థనతో కలిసిన పని. అదే కాలంలో కవాయ్ దీవిలో ఏబ్రహాం కవాయీ వేరే శైలి నేర్పారు. ముంజేతులతో, నృత్యంలాంటి అడుగులతో సాగేది ఆయన పద్ధతే. గురువు పేరు చెప్పలేకపోతే అది మామూలు నూనె మర్దనే అనుకోండి. మీ ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్నా అడగకుండా మొదలుపెట్టేచోట అసలు పడుకోవద్దు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు వేడి రాళ్లు వద్దని ముందే చెప్పాలి, కాలినా తెలియదు.