ఏళ్ల తరబడి మొరటుగా వాడినా నిలిచే టార్చిలైటు ఏది?

రాత్రి పనుల్లో వాడే టార్చిలు ఏడాది తిరిగేసరికి మూలనపడుతున్నాయి, కిందపడినా తడిసినా ఏళ్ల తరబడి వెలిగేది ఏ కంపెనీది, సెల్లు ఇరుక్కుపోయిన పాతదాన్ని బాగుచేసుకోవచ్చా అని అడిగారు. నేను యంత్రాల మెయింటెనెన్స్ పనిలో ఉన్నాను. రాత్రి షిఫ్టులో టార్చి లేకపోతే మాకు పని సాగదు. తోటివాళ్ల టార్చిలు చెడిపోతే విప్పి చూసే పని కూడా చాలా ఏళ్లుగా నాదే. అందుకే ఏది ఎక్కడ పోతుందో చూసినంతలో చెబుతాను.

ముందు సూటిగా జవాబు. మర తిప్పి పూర్తిగా విప్పగలిగేది, బ్యాటరీ బయటికి తీసి మార్చుకోగలిగేది, వెనక ఒక్క నొక్కుడు స్విచ్చి మాత్రమే ఉండేది, అల్యూమినియం బాడీతో వచ్చే ఎల్ఈడీ టార్చి కొనండి. కంపెనీ పేరు చూడాల్సింది ఆ తర్వాతే.

కొనేటప్పుడు చాలామంది బాడీ ఎంత దిట్టంగా ఉందో చూస్తారు. కానీ నా దగ్గరికి వచ్చినవాటిలో బాడీ పగిలి పోయినవి చాలా తక్కువ, ఎల్ఈడీ మాడిపోయినవి అంతకన్నా తక్కువ. పాత బల్బు టార్చి వెలుగుతూ కిందపడితే వేడెక్కి ఉన్న ఫిలమెంటు పుటుక్కున తెగిపోయేది. ఎల్ఈడీలో ఆ తీగే లేదు కాబట్టి దెబ్బల గొడవ చాలావరకు తీరిపోయింది. ఇప్పుడు టార్చిలను చంపేవి ముఖ్యంగా మూడు: కారిపోయిన సెల్లు, స్విచ్చి, ఛార్జింగ్ పెట్టే చోటు.

ఈ మూడింటిలోనూ ఎక్కువ నష్టం చేసేది సెల్లు కారడమే. ఆల్కలైన్ సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. సెల్లు పూర్తిగా దిగిపోయాక కూడా లోపలే ఉంచేస్తే హైడ్రోజన్ వాయువు పుట్టి, ఒత్తిడి పెరిగి, సీలు దగ్గర ద్రవం బయటికొస్తుంది. గాలి తగిలి తెల్లటి పొడిలా గడ్డకడుతుంది. క్షారానికి అల్యూమినియం అంటే పడదు, గొట్టం లోపలి గోడను తినేస్తుంది. పైగా సెల్లు ఉబ్బి అక్కడే బిగుసుకుపోతుంది. కొత్త సెల్లూ పాత సెల్లూ కలిపి వేస్తే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే ముందు ఖాళీ అయిన సెల్లులోంచి మిగతావి బలవంతంగా కరెంటు నడిపిస్తాయి. వేలు పోసి కొన్న టార్చి కూడా ఒక్క సెల్లు కారితే చెత్తబుట్టకే. అత్యవసరానికని డ్రాయర్లో పడేసి మరిచిపోయిన టార్చిలదే ఎక్కువగా ఈ గతి.

కాబట్టి ఏఏ సైజు (పెన్సిల్ సెల్లు) టార్చి అయితే రీఛార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు వేయండి. వాటిలో ఎనెలూప్ లాంటి బ్రాండ్లవి ఊరికే ఉంచినా ఛార్జి మెల్లగా తగ్గుతుంది, కారడం బాగా అరుదు. నెలల తరబడి ముట్టుకోని టార్చికైతే 1.5 వోల్టుల లిథియం ఏఏ సెల్లు మేలు, అవి చలికీ తట్టుకుంటాయి. ఒక్క జాగ్రత్త: అదే సైజులో ఉండే 3.7 వోల్టుల లిథియం-అయాన్ సెల్లు వేరు. టార్చి దానికి పనికొస్తుందని కంపెనీ చెబితే తప్ప వేయకండి, లోపలి సర్క్యూట్ మాడిపోవచ్చు.

రోజూ గంటలకొద్దీ వాడేవాళ్లకు నేను చెప్పేది 18650 సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే లిథియం-అయాన్ సెల్లు అది. వెలుగు బాగా వస్తుంది, ఎప్పుడైనా కొత్తది దొరుకుతుంది. అయితే దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ సెల్లు చుట్టూ ఉన్న డబ్బా మొత్తం మైనస్సే. ప్లస్ వైపు బొడిపె పక్కనే, పలచటి ప్లాస్టిక్ తొడుగు కిందే ఆ మైనస్ అంచు ఉంటుంది. తొడుగు అక్కడ చిరిగితే రెండూ కలిసి షార్టయ్యే ప్రమాదం ఉంది. చిరిగిన సెల్లును టార్చిలో పెట్టొద్దు, తాళాలతో పాటు జేబులో అసలే వేసుకోవద్దు.

ఇక స్విచ్చి. వెనక ఉన్న రబ్బరు టోపీ ముందు చిరుగుతుంది, తేమ లోపలికి వెళ్తుంది, కాంటాక్టులకు చిలుము పడుతుంది. మంచి సంగతేమిటంటే ఇది చాలావరకు బాగయ్యే జబ్బు. చేత్తో తట్టితే వెలిగి, వదిలితే ఆరిపోయే టార్చిని చాలామంది పారేస్తారు. వెనక మూత విప్పి లోపలికి చూడండి. స్ప్రింగు చుట్టూ ఒక గుండ్రటి రింగు, దాని మీద ఎదురెదురుగా రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి. స్విచ్చిని పట్టి ఉంచేది ఆ రింగే. పడీ పడీ అది వదులవుతుంది. సన్నమూతి ప్లయరు మొనలు ఆ గుంటల్లో పెట్టి కుడివైపు బిగిస్తే సగానికి సగం టార్చిలు అక్కడికక్కడే మామూలైపోతాయి. కుదరకపోతే మర అంచును, స్ప్రింగు మొనను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. బాడీకి నల్లగా పూత ఉన్నా గొట్టం చివరి అంచు మాత్రం ఉత్త లోహంగానే ఉంటుంది. కరెంటు నడిచేది దాని గుండానే, అక్కడ మురికి పడితే వెలుగు మినుకుమంటుంది.

పక్కన మెత్తటి బటన్ ఉండే ఎలక్ట్రానిక్ స్విచ్చిలు చేతికి హాయిగా ఉంటాయి, నిజమే. కానీ ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా బ్యాటరీ తాగుతుంటాయి, సంచిలో ఒత్తిడికి వాటంతటవే వెలుగుతాయి. అలాంటిదే ఉంటే వెనక మూతను పావు వంతు వదులు చేసి ఉంచండి. మరకు పూత ఉన్న టార్చి అయితే కరెంటు పూర్తిగా తెగిపోతుంది.

ఛార్జింగ్ రంధ్రం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రబ్బరు మూత ఊడిపోతుంది, దుమ్మూ నీళ్లూ చేరతాయి, పిన్ను వదులవుతుంది. బ్యాటరీ బయటికొచ్చే టార్చి అయితే విడి ఛార్జరుతో నెట్టుకురావచ్చు. బ్యాటరీ లోపలే అతికించినది అయితే అంతటితో సరి. రంధ్రం లేనిది దొరికితే నేను అదే తీసుకుంటాను. అయస్కాంతంతో అతుక్కునే ఛార్జింగ్ రకానికి తడి భయం తక్కువ గానీ, ఇనుప రజను ఉండే చోట ఆ రజనంతా దానికే అంటుకుంటుంది.

బాడీ విషయంలో చూడాల్సింది పూత. హార్డ్ అనొడైజింగ్ (అల్యూమినియం మీద గట్టిపరిచిన ఆక్సైడ్ పొర), అంటే టైప్ 3 అని రాసి ఉంటే గీతలు, తుప్పు బాగా తట్టుకుంటుంది. అద్దం గాజుదైతే గీతలు పడదు గానీ పగలొచ్చు. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌దైతే పగలదు గానీ గీతలుపడి మసకబారుతుంది. ముందు అంచు అద్దం కన్నా కాస్త ఎత్తుగా ఉంటే గాజే మంచిది. కరెంటు తీగల దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం నా మాట పక్కనపెట్టి, మంచి ప్లాస్టిక్ బాడీదే తీసుకోండి. అక్కడ లోహపు గొట్టం చేతిలో ఉండకూడదు. అలాంటి పనికి స్ట్రీమ్‌లైట్ 4ఏఏ ప్రోపాలిమర్, పెలికాన్ వాళ్ల ప్లాస్టిక్ టార్చిలు నమ్మదగ్గవి.

డబ్బా మీద లూమెన్లు, అంటే వెలుగు కొలత, ఎన్ని వేలున్నాయో చూడకండి. ఎఫ్ఎల్1 గుర్తులు ఉన్నాయా చూడండి. టార్చిలను ఎలా పరీక్షించాలో చెప్పే, అమెరికాలో 2009లో వచ్చిన ప్రమాణం అది. కిందపడే పరీక్ష కనీసం 1 మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద, బ్యాటరీలు లోపల ఉంచే చేస్తారు. నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పేది ఐపీఎక్స్ అంకె. ఐపీఎక్స్4 అంటే చిందే నీటికి మాత్రమే. ఐపీఎక్స్7 అంటే 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకోవాలి. మొరటు వాడకానికి కనీసం 7 ఉండాలి. ఇంకొకటి, ఎన్ని గంటలు వెలుగుతుందని రాసే అంకె వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కపెట్టినది. అంతసేపూ అదే వెలుగు ఉంటుందని అనుకోవద్దు.

పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను. 1979లో వచ్చిన మాగ్‌లైట్ డీ-సెల్లు (లావు సెల్లు) టార్చి ఇప్పటికీ మొండిఘటమే. బరువు ఎక్కువ, వెలుగు నేటి లెక్కకు తక్కువ, కానీ పాత బల్బు తీసి ఎల్ఈడీ వేసుకోవచ్చు. ఎక్కువ వెలుగు కావాలంటే, విప్పి బాగుచేసుకునే ఓపిక ఉంటే కాన్వాయ్ ఎస్2 ప్లస్ నాకు ఎంతో ఇష్టం. మామూలు గొట్టం, 18650 సెల్లు, వెనక స్విచ్చి. స్విచ్చి, అద్దం, రబ్బరు రింగులు అన్నీ విడిగా దొరుకుతాయి. డబ్బు పెద్ద సమస్య కాకపోతే మాల్కాఫ్, హెచ్‌డీఎస్ కంపెనీల టార్చిలు చూడండి. వాళ్లు లోపలి సర్క్యూట్ కదలకుండా ఎపాక్సీ లాంటి పదార్థం పోసి గడ్డకట్టిస్తారు, ఎంత అదిరినా టంకం ఊడదు.

ఏది కొన్నా మర మీది ఇసుక అప్పుడప్పుడు తుడిచి, రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. రింగు పొడిబారి చీలితే ఐపీఎక్స్ ఎంత ఉన్నా నీళ్లు ఆగవు. పెట్రోలియం గ్రీజు వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

మీ పాతదాని సంగతి. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు వేసుకోండి. ముందు వెనక రెండు వైపులా విప్పగలిగితే, ఆల్కలైన్ సెల్లే అని నిర్ధారించుకుని గొట్టంలోకి కాస్త వెనిగర్ పోయండి. నురగ తగ్గాక చెక్క పుల్లతో ఒక వైపు నుంచి నెట్టండి. సెల్లుకు మేకు కొట్టడం, డ్రిల్లు వేయడం, వేడి చేయడం చేయొద్దు. బయటికొచ్చాక గొట్టాన్ని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. చవక రకం జింక్-కార్బన్ సెల్లు కారితే ఆ ద్రవం ఆమ్ల గుణంది, దానికి వెనిగర్ బదులు తినే సోడా కలిపిన నీళ్లు వాడాలి. లోపలి గోడ కాస్త గరుకుగా మారినా ఫరవాలేదు. స్ప్రింగు తుప్పుపట్టి విరిగిపోయేలా ఉంటే దాన్ని మార్చండి. కొత్త సెల్లు వదులుగా జారితే ఆ టార్చి మళ్లీ వాడొచ్చు. గొట్టానికి చిల్లు పడినా, మర తినేసినా వదిలేయండి.