ఏడాది డిప్లొమాతో ఆడియాలజిస్టు అవుతారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా అన్నయ్యగారి మనవడికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టాక వాడికి తోడుగా థెరపీకి వెళ్లొచ్చి, తనూ ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణురాలు అవుతానంటోంది. ఇక్కడ ఒక సంస్థవాళ్లు ఏడాది డిప్లొమా చేస్తే చాలు, ఆడియాలజిస్టు అయిపోతుంది అంటున్నారు మేడమ్. ఫీజు కట్టమంటారా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: కట్టకండి. ఏడాది డిప్లొమాతో ఎవరూ ఆడియాలజిస్టు కాలేరు. డిప్లొమాలు లేవని కాదు, డీహెచ్‌ఎల్‌ఎస్ (డిప్లొమా ఇన్ హియరింగ్, లాంగ్వేజ్ అండ్ స్పీచ్) అని ఒకటుంది, చెవి మిషన్ల రిపేరుకీ ఇయర్ మోల్డుల (మిషన్ కోసం చెవి ఆకారానికి చేసే అచ్చుల) తయారీకీ ఇంకొకటుంది, గుర్తింపు ఉన్నచోట చదివితే గౌరవంగా బతకొచ్చు కూడా, కానీ అవి ఆడియాలజిస్టుకి సాయంగా పనిచేసేవాళ్ల కోర్సులు.

మీ అమ్మాయి చేరాల్సింది బీఏఎస్‌ఎల్‌పీలో. అంటే ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీల డిగ్రీ. మొత్తం నాలుగేళ్లు: మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. వినికిడి, మాట రెండూ కలిపే నేర్పుతారు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉంటే చాలు కాబట్టి బైపీసీ వాళ్లూ ఎంపీసీ వాళ్లూ ఇద్దరూ రావచ్చు. మైసూరులోని ఆయిష్ (ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) దీనికి పెద్ద పేరున్న కేంద్ర సంస్థ, సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. దగ్గర్లో కావాలంటే ముంబయిలోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది.

ఎక్కడ చేర్చినా ముందు చూడాల్సింది ఒక్కటే, ఆ కాలేజీలో ఆ కోర్సుకి, ఆ ఏడాదికి, ఆర్‌సీఐ అనుమతి ఉందా లేదా అని. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, 1992 చట్టంతో ఏర్పడింది. దాని రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చని ఆ చట్టంలోనే ఉంది. బ్రోషర్‌లో వేసిన ముద్రని నమ్మొద్దు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు మీరే వెతకండి.

బీప్ వినపడితే చెయ్యెత్తమనడానికి నాలుగేళ్ల చదువెందుకని చాలామంది అడుగుతారు. ఒక ఉదాహరణ చెప్తాను. పేషెంటుకి కుడి చెవి అసలు పనిచేయదు, ఎడమది బాగుంది. కుడి చెవిలో శబ్దం పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక అది పుర్రె ఎముక గుండా ఎడమవైపుకి చేరిపోతుంది, పేషెంటు చెయ్యెత్తేస్తాడు. పరీక్ష చేసేవాళ్లకి తెలియకపోతే కుడి చెవికి కొంత వినికిడి ఉందని రాసేసి, పనిచేయని చెవికి మిషన్ అంటగట్టి పంపిస్తారు. అందుకే ఎడమ చెవిలో హోరులాంటి శబ్దం పెట్టి దాన్ని పక్కకి తప్పించాలి, దీన్నే మాస్కింగ్ అంటాం. అది ఎప్పుడు పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నది క్లినిక్‌లో పేషెంట్ల మీద చేసి చేసి నేర్చుకోవాల్సిందే. పసిపిల్లలైతే చెయ్యెత్తను కూడా ఎత్తరు, అప్పుడు బెరా (శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి చూసేది) లాంటి పరీక్షలు చేయాలి, ఆ గ్రాఫు చదవడం ఇంకో విద్య.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో బీఏఎస్‌ఎల్‌పీ మూడో సంవత్సరం. ఎమ్మెస్సీ ఇక్కడే చేయాలా, అమెరికా వెళ్లాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది అక్కా.

జవాబు: ఎక్కడ పనిచేయాలనుకుంటున్నావో ముందు తేల్చుకో తమ్ముడూ, కోర్సు సంగతి దాన్నిబట్టే తేలుతుంది. ఇక్కడైతే ఎమ్మెస్సీ ఆడియాలజీ రెండేళ్లు. బీఏఎస్‌ఎల్‌పీతోనే రిజిస్ట్రేషన్ వస్తుంది, ఉద్యోగమూ దొరుకుతుంది, కానీ కాలేజీలో పాఠం చెప్పాలన్నా, ఇంప్లాంట్ మ్యాపింగ్ (కాక్లియర్ ఇంప్లాంట్‌ని పేషెంటుకి సరిపడేలా సెట్ చేయడం) లాంటి పనుల్లో లోతుకి వెళ్లాలన్నా ఎమ్మెస్సీ చేయమనే నా సలహా.

అమెరికాలో కొత్తగా ఆడియాలజిస్టు కావాలంటే ఏయూడీ (డాక్టర్ ఆఫ్ ఆడియాలజీ) అనే డాక్టరేటు కావాలి. అది పరిశోధన పీహెచ్‌డీ కాదు, వైద్య డిగ్రీ కూడా కాదు, క్లినిక్‌లో పనిచేయడానికి తయారుచేసే కోర్సు. డిగ్రీ తర్వాత మామూలుగా నాలుగేళ్లు, చివరి ఏడాది దాదాపుగా ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో పూర్తికాల శిక్షణ. ఆపైన ప్రాక్సిస్ అనే అర్హత పరీక్ష, పనిచేసే రాష్ట్రం లైసెన్సు. ఇక్కడ ఎమ్మెస్సీ చేసి వెళ్తే అక్కడ రెండేళ్లు తగ్గిపోతాయని కన్సల్టెన్సీవాళ్లు చెప్తే నమ్మకు, ఏ సబ్జెక్టుకి మినహాయింపు ఇస్తారో యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకో. అప్పు చేసి వెళ్లేవాడివైతే ఆ మెయిల్ చేతికొచ్చాకే బ్యాంకుకి వెళ్లు.

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ చేశాను. నేరుగా ఎమ్మెస్సీ ఆడియాలజీలో చేరొచ్చా?
- వరంగల్

జవాబు: మన దేశంలో కుదరదమ్మా, బీఏఎస్‌ఎల్‌పీ గానీ దానికి సమానమైన స్పీచ్ అండ్ హియరింగ్ డిగ్రీ గానీ ఉండాల్సిందే. అమెరికాలోని ఏయూడీ కోర్సులు చాలావరకు వేరే డిగ్రీవాళ్లనీ తీసుకుంటాయి, కొన్ని సబ్జెక్టులు అదనంగా చదవమంటాయి అంతే. ఇక్కడే చేయాలనుకుంటే మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి. శబ్దం గురించి నీకు ఇప్పటికే తెలిసిన ఫిజిక్స్ ఆ మొదటి ఏడాదిలో బాగా పనికొస్తుంది. ఇంటర్ మార్కుల లిస్టు తీసిపెట్టుకో, అడ్మిషన్‌కి వాళ్లు చూసేది అదే.