ఆఫ్రికాలో గుండ్రటి గూడు అల్లే సాలీడు ఏ జాతో ఫొటో చూసి చెప్పొచ్చా?

చాలావాటి విషయంలో చెప్పలేం. ఉష్ణమండల ఆఫ్రికా సాలీళ్లను ఫొటోతో ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకా గుర్తించవచ్చు గానీ, జాతి తేలాలంటే ఎదిగిన సాలీడు జననాంగాలను మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. రంగు ఒకే జాతిలోనూ మారుతుంది, ఆల్కహాల్‌లో వేస్తే వెలిసిపోతుంది కూడా. ఆడదాని పొట్ట అడుగున ఉండే ఎపిగైన్, మగదాని నోటి పక్కన ఉబ్బిన పాల్ప్ కొన మాత్రం ఆ జాతికి ఒకే తీరుగా ఉంటాయి. పిల్ల సాలీడులో ఇవి పూర్తిగా ఏర్పడవు, కాబట్టి దానికి జాతి పేరు పెట్టకపోవడమే మేలు.

నియోస్కోనా అనే ప్రజాతినే తీసుకోండి. ఆడ సాలీడు తల-రొమ్ము భాగం మీది గాడి నిలువుగా ఉంటే ఇది, అడ్డంగా ఉంటే అరేనియస్ అనే మరో ప్రజాతి కావచ్చు. అక్కడి నుంచే అసలు తంటా: నియోస్కోనా సబ్‌ఫస్కా అనే జాతిలో పొట్ట మీది మచ్చలు ఒక్కో సాలీడుకు ఒక్కోలా ఉంటాయి. నాలుకలా పొడుచుకొచ్చిన ఎపిగైన్‌ను కింది నుంచే కాక పక్క నుంచీ చూడాలి. వెంట్రుకలు అడ్డొస్తే సన్న కుంచెతో తొలగించాలి.

గూడు గుండ్రంగా ఉంటే అరేనిడే కుటుంబమేనని చాలామంది అనుకుంటారు. టెట్రాగ్నాథిడే, యులోబోరిడే కుటుంబాల సాలీళ్లు కూడా అలాగే అల్లుతాయి. యులోబోరిడే దారానికి జిగురు ఉండదు, నూగు ఉంటుంది. యులోబోరిడే సాలీళ్లకు విషగ్రంథులే లేవు.