గనుల రోడ్లు, రైలు మార్గాల వల్ల అడవి జంతువులకు జరిగే హానిని ఎలా తగ్గించవచ్చు?

లారీ కింద పడి చనిపోయే జంతువులే అందరి కంటా పడతాయి. అంతకంటే పెద్ద నష్టం, మిగతా జంతువులు దారి దాటడమే మానేయడం. మంగోలియా గోబీ ఎడారిలో అడవి గాడిదలు గడ్డి, నీళ్ల కోసం వందల కిలోమీటర్లు తిరుగుతాయి. ట్రాన్స్ మంగోలియన్ రైలు మార్గం పక్కన వేసిన కంచె దగ్గరికొచ్చి ఆగిపోతాయి, అవతల పచ్చిక ఉన్నా సరే.

అందుకే అసలు పని మార్గం గీసేటప్పుడే జరగాలి. జంతువుల మెడకు జీపీఎస్ కాలర్లు కట్టి, అవి నడిచే దారులేవో తెలుసుకుని వాటిని తప్పించాలి. పక్కపక్క గనులకు చెరో రోడ్డు ఎందుకు? ఒకటే చాలు.

తప్పించలేని చోట అండర్‌పాస్‌లు కట్టాలి. అయితే బయళ్లలో తిరిగే జంతువులు ఇరుకు సొరంగంలో అడుగు పెట్టవు, అవతలి వెలుగు కనిపించేంత వెడల్పు, ఎత్తు ఉండాలి. కంచె తప్పనిసరైతే కింది తీగకు ముళ్లు లేకుండా, నేలకు కాస్త ఎత్తులో కట్టాలి. అప్పుడు జింకలు దాని కింద నుంచి దూరిపోగలవు.

వేగం తగ్గించడం, రాత్రిపూట లారీలు ఆపడం, మిగతా వేళల్లో వాటిని గుంపులుగా పంపి మధ్యలో రోడ్డు ఖాళీగా వదలడం వెంటనే చేయగలిగినవి. గని మూతపడ్డాక రోడ్డునూ మూసేయాలి, లేదంటే వేటగాళ్లకు అదే దారి అవుతుంది.