టెక్ సందేహాలు: రిమ్‌ఫైర్ తూటాలను ఇంట్లో తిరిగి నింపుకుంటే గిట్టుబాటు అవుతుందా?

ప్రశ్న: పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాల ఖాళీ షెల్స్ నా దగ్గర డబ్బా నిండా పోగుపడ్డాయి. వాటిని ఇంట్లోనే తిరిగి నింపుకునే కిట్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి. సెంటర్‌ఫైర్ రైఫిల్ వాడే నా మిత్రుడు ఏళ్ల తరబడి తన తూటాలను తానే నింపుకుంటున్నాడు. నేనూ మొదలుపెట్టవచ్చా?

జవాబు: నా ఉద్దేశంలో వద్దు. మీ మిత్రుడు చేస్తున్న పనీ, మీరు చేయాలనుకుంటున్న పనీ పైకి ఒకేలా కనిపించినా నిజానికి రెండూ వేర్వేరు పనులు. సెంటర్‌ఫైర్ తూటా అడుగు మందంగా ఉంటుంది. దాని నడుమ ఉన్న చిన్న గుంటలో ప్రైమర్, అంటే దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న మూత, విడి భాగంగా కూర్చుంటుంది. పేలిన ప్రైమర్‌ను ఊడదీసి, కర్మాగారంలో తయారైన కొత్త ప్రైమర్‌ను నొక్కి కూర్చోబెట్టి, షెల్‌ను డై అనే అచ్చులో నొక్కి ఆకారం సరిచేసి, తుపాకి మందు కొలిచి పోసి, గుండు బిగిస్తే తూటా సిద్ధమవుతుంది. అన్నిటికన్నా సున్నితమైన భాగం, అంటే నిప్పు పుట్టించే భాగం, కర్మాగారం నుంచే వస్తుంది కాబట్టి ఇంట్లో చేసేవాడికి మిగిలేది కొలత, బిగింపు మాత్రమే.

మీ పాయింట్ 22 తూటా రిమ్‌ఫైర్ రకం. అందులో ఆ విడి భాగం ఉండదు. షెల్ అడుగున బయటికి పొడుచుకు వచ్చిన అంచు లోపల బోలుగా ఉండే మడత. కర్మాగారంలో తడిగా ఉన్న ప్రైమర్ మిశ్రమాన్ని షెల్‌లో వేసి, వేగంగా తిప్పి, ఆ మడతలోకి చుట్టూ సమంగా వెళ్లేలా చేసి ఆరబెడతారు. ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టే తుపాకిలోని సూది) వచ్చి అంచును ఎక్కడ నలిపితే అక్కడ మిశ్రమం అంటుకుంటుంది. తూటా ఇంత చవకగా తయారు కావడానికి కారణం ఈ ఏర్పాటే. ఒక్కసారి వాడి పారేయవలసి రావడానికి కారణం కూడా అదే.

అంచు పిన్ దెబ్బకు నలగాలంటే ఇత్తడి పలచగా ఉండక తప్పదు, పలచగా ఉన్న ఇత్తడి ఎక్కువ ఒత్తిడిని ఆపలేదు. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ అయిన శామీ, పాయింట్ 22 లాంగ్ రైఫిల్‌కు పెట్టిన గరిష్ఠ సగటు ఒత్తిడి 24,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కాగా, సెంటర్‌ఫైర్ తూటా అయిన పాయింట్ 223 రెమింగ్టన్‌కు అది 55,000. మీ డబ్బాలోంచి ఒక ఖాళీ షెల్ తీసి వెలుతురులో అంచును చూడండి. పిన్ తగిలిన చోట చిన్న సొట్ట ఉంటుంది. అక్కడ లోహం ఒకసారి నలిగింది, పేలుడులో మొత్తం షెల్ ఒకసారి సాగింది. ఆ సొట్టను తిరిగి తీసినా, తిప్పి మరో వైపు దెబ్బ తగిలేలా పెట్టినా, అలసిపోయిన ఇత్తడి కొత్తది కాదు. అది అంచు దగ్గర చీలితే వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది.

గుండు సంగతి మరో చిక్కు. ఈ తూటా వంశం పాతది. 1845 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ తయారుచేసిన చిన్న తూటాతో మొదలై, 1857లో స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్‌తో వచ్చిన పాయింట్ 22 షార్ట్ మీదుగా, 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన లాంగ్ రైఫిల్ దాకా నడిచింది. ఆ పాత పద్ధతి ప్రకారం గుండు బయటి వ్యాసం షెల్ వ్యాసంతో సమానంగా ఉంటుంది, షెల్ లోపలికి దిగే మడమ భాగం మాత్రమే సన్నగా ఉంటుంది. నేటి సెంటర్‌ఫైర్ గుండ్లలో ఈ మడమ ఉండదు. అందువల్ల మీ మిత్రుడి అచ్చులూ డైలూ మీకు పనికిరావు, ఈ ఒక్క తూటా కోసమే అచ్చు, బిగించే పనిముట్టు వేరుగా కొనాలి. పైగా సీసం కరిగించాలి. సీసపు పొగ, ధూళి ఒంట్లో చేరితే తేలిగ్గా పోవు. పిల్లలున్న ఇంట్లో, వంట జరిగే గదిలో ఆ పని ఎంతమాత్రం తగదు.

వీటన్నిటినీ మించినది ప్రైమర్ మిశ్రమం. కిట్లు అమ్మేవారు దీన్ని ‘పొడి కలపడం’ అని తేలికగా అంటారు. నిజానికి అది దెబ్బకు, రాపిడికి, ఒక్కోసారి ఒంటి మీది స్థిర విద్యుత్తుకు కూడా అంటుకునేలా రూపొందిన పేలుడు పదార్థం. కర్మాగారాల్లో దాన్ని తడిగా, కొద్ది కొద్దిగా, అడ్డుగోడల వెనుక ఉంచి పనిచేస్తారు. దాన్ని ఎలా కలపాలో ఈ శీర్షికలో రాయను, వీడియో చూసి ప్రయత్నించవద్దని కూడా గట్టిగా చెబుతాను. చాలా చోట్ల తుపాకికి లైసెన్సు ఉండటం వేరు, పేలుడు పదార్థం తయారుచేయడానికి అనుమతి ఉండటం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

సరే, అన్నీ చట్టబద్ధంగా, జాగ్రత్తగా చేశారనే అనుకుందాం. శుభ్రం చేయడం, మిశ్రమం పెట్టడం, ఆరనివ్వడం, మందు పోయడం, గుండు పోతపోయడం, బిగించడం, మైనం పూయడం, ఇవన్నీ కలిపి ఒక్కో తూటాకు ఐదు నిమిషాలే పట్టినా 50 తూటాల పెట్టెకు నాలుగు గంటల పైమాటే. అన్ని రకాల తూటాల్లోకీ చవకైన దాన్ని తిరిగి తయారుచేయడానికి ఆ సమయం పోతుంది. చేతికి వచ్చేది ఒకదానికొకటి పోలిక లేని తూటాలు. మిశ్రమం అంచు చుట్టూ సమంగా పరుచుకోకపోతే కొన్ని పేలవు. కొన్ని సగమే పేలి, గుండు గొట్టంలో ఇరుక్కుపోతుంది. అది గమనించకుండా రెండోది కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ఇంకో ముప్పు ఉంది. కొలత తప్పిన తూటా ఛాంబర్‌లోకి, అంటే గొట్టం వెనుక తూటా కూర్చునే గదిలోకి, పూర్తిగా దిగకముందే ఆ గదిని మూసే బోల్ట్ వచ్చి దాని అంచును నొక్కితే అది గది మూసుకోకముందే పేలవచ్చు.

అమెరికాలో 2013 ప్రాంతంలో పాయింట్ 22 తూటాలకు పెద్ద కొరత వచ్చినప్పుడు ఈ కిట్ల మీద ఆసక్తి పెరిగింది. దొరకని రోజుల్లో ఆ ఆరాటాన్ని అర్థం చేసుకోవచ్చు. 19వ శతాబ్దపు హెన్రీ, స్పెన్సర్ రైఫిళ్ల వంటి వాటికి తూటాలు మార్కెట్‌లో సులువుగా దొరకవు కాబట్టి, వాటిని భద్రపరిచే నిపుణులు విడి ప్రైమర్ అమర్చుకునేలా చెక్కిన ప్రత్యేక షెల్స్‌తో తంటాలు పడటంలోనూ న్యాయం ఉంది. మీ సందర్భం ఈ రెండూ కాదు. డబ్బాలోని షెల్స్‌ను ఇత్తడి తుక్కుగా అమ్మేయండి. అమ్మేముందు పేలని తూటా ఒక్కటీ అందులో కలవకుండా చూసుకోండి.

ప్రశ్న: తిరిగి నింపే ఆలోచన మానుకున్నాను. కొన్న తూటాలనే నగల తూకానికి వాడే డిజిటల్ స్కేలు మీద తూచి, ఒకే బరువున్నవి వేరుచేస్తే గురి మెరుగవుతుందా?

జవాబు: కొంత మేలు ఉండవచ్చు, కానీ మీరు ఆశించినంత కాదు. ముందు స్కేలు సంగతి చూద్దాం. చిన్న డిజిటల్ స్కేళ్లు సాధారణంగా 0.01 గ్రాము దాకా చూపిస్తాయి. ఒక గ్రెయిన్ అంటే సుమారు 64.8 మిల్లీగ్రాములు కాబట్టి స్కేలు చూపే అతి చిన్న మెట్టు దాదాపు 0.15 గ్రెయిన్లు. ఈ తూటాలో మందే గ్రెయిన్ రెండు గ్రెయిన్ల స్థాయిలో ఉంటుంది. అంటే స్కేలు ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే అది మందులో పదో వంతుకు సమానం కావచ్చు. పైగా మీరు తూచేది మొత్తం తూటాను. తేడా 40 గ్రెయిన్ల గుండులో ఉందా, ఇత్తడిలో ఉందా, మైనంలో ఉందా, మందులో ఉందా అన్నది ఏ స్కేలూ చెప్పలేదు. గుండు బరువులో చిన్న తేడా పెద్దగా బాధించదు. మందులో అంతే తేడా ఉంటే బాగా బాధిస్తుంది. స్కేలుకు రెండూ ఒకటే.

అంచు మందం కొలిచే గేజ్‌తో వేరుచేసే పద్ధతి ఇంతకన్నా తర్కబద్ధంగా ఉంది. రిమ్‌ఫైర్ తూటా ఛాంబర్‌లో ఆనుకునేది అంచు మీదే కాబట్టి, ఆ మందం మారితే పిన్ దెబ్బ కూడా మారుతుంది. అయితే మంచి మ్యాచ్ తూటాల్లో, అంటే పోటీల కోసం తయారుచేసిన వాటిలో, ఆ తేడా ముందే తక్కువ. గురి మీద పట్టింపు ఉన్నవారు చేసే పని వేరు. ఒకే బ్రాండ్‌లోనే వేర్వేరు లాట్ నంబర్ల (తయారీ విడతల) తూటాలు కొద్దికొద్దిగా తెచ్చి, తమ రైఫిల్‌లో కాల్చి చూసి, ఏ లాట్ గుండ్లు లక్ష్యం మీద దగ్గర దగ్గరగా పడితే దాన్ని ఎక్కువగా కొని పెట్టుకుంటారు. ఎలీ, లాపువా వంటి కంపెనీలు ఇందుకోసమే పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. స్కేలు ముందు గడిపే సాయంత్రాలు ఈ పరీక్షకు పెడితే ఫలితం లక్ష్యం మీద కనిపిస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లోని బాలిస్టిక్ యాప్ (గుండు ఎంత కిందికి జారుతుందో లెక్కకట్టేది) 50 మీటర్ల దగ్గర ఒకే సంఖ్య చూపిస్తోంది. నా గుండ్లు మాత్రం పైకీ కిందికీ చెదురుతున్నాయి. యాప్ తప్పా?

జవాబు: యాప్ లెక్కలో తప్పు లేదు. మీరిచ్చిన వేగం ప్రతి గుండుకూ ఒకటే అని అది అనుకుంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. పెట్టె మీద అచ్చువేసిన వేగం తయారీదారు పరీక్ష గొట్టంలో కొలిచినది. మీ గొట్టంలో అది మారుతుంది, గుండు గుండుకూ మారుతుంది. దారిలో సగటున సెకనుకు 310 మీటర్ల వేగంతో వెళ్లే గుండు 50 మీటర్లు దాటేలోగా దాదాపు 12.7 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. సగటు 300 మీటర్లయితే ఆ జారుడు 13.6 సెంటీమీటర్లు. తేడా 9 మిల్లీమీటర్లు. 50 మీటర్ల రైఫిల్ పోటీ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. సెకనుకు 10 మీటర్ల ఊగిసలాట ఎంత దూరం తీసుకుపోతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అందువల్ల డబ్బు పెట్టదలిస్తే తూటాలు తిరిగి నింపే కిట్‌కు బదులు గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొనండి, లేదా క్లబ్బులో ఉన్నదాన్ని అడిగి వాడండి. కాంతి సెన్సార్ల రకం చవక, కానీ వెలుతురు మారితే తడబడుతుంది. రాడార్ రకం ఆ ఇబ్బంది లేకుండా పక్కన కూర్చుని కొలుస్తుంది. మూడు నాలుగు గుండ్లతో సగటు తీస్తే అది మోసం చేస్తుంది. కనీసం ఇరవై కాల్చి, సగటుతో పాటు ప్రామాణిక విచలనాన్ని, అంటే వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే సంఖ్యను, కూడా చూడండి. హై వెలాసిటీ తూటాలు ధ్వని వేగం కన్నా ఎక్కువతో బయలుదేరి దారిలోనే దాని కిందికి పడిపోతాయి, ఆ దాటుడులో గుండు కొంత అస్థిరమవుతుంది. మ్యాచ్ తూటాలను మొదటి నుంచీ ధ్వని వేగం కిందే ఉండేలా తయారుచేయడానికి కారణం అదే.

యాప్‌లో మరొక గడిని కూడా సరిచూడండి. గొట్టం మధ్యరేఖ నుంచి స్కోప్ మధ్యరేఖకు ఉన్న ఎత్తును చాలామంది యాప్ ముందే నింపి ఇచ్చిన సంఖ్యతోనే వదిలేస్తారు. అది కొలబద్దతో మీ రైఫిల్ మీదే కొలిచి వేయండి. 50 మీటర్ల దగ్గర సరిగ్గా సరిచేసిన రైఫిల్ 25 మీటర్ల దగ్గర తేడాగా కొడుతోందని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది సమస్య ఆ ఒక్క గడితోనే తీరిపోతుంది.